రెండో ర్యామ్ పెడితేనే ఆగిపోతున్న కొత్త కంప్యూటర్: లోపం బోర్డుదా, ప్రాసెసర్‌దా?

మాది పర్లాకిమిడి. చెల్లి చదువు కోసం విశాఖపట్నం నుంచి విడిభాగాలు తెప్పించి ఇంట్లోనే కంప్యూటర్ బిగించాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్‌లు రెండు. వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే నీలి తెర వస్తోంది, లేదా దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. విండోస్ లోపాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే సందేశం ఒక్కటే కనిపిస్తోంది. అది సరిగా షట్‌డౌన్ కాలేదని చెబుతుంది, కారణం చెప్పదు.

ఎక్స్‌పో (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆపి 4800 వేగంలో నడిపినా, బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) వెర్షన్ మార్చినా ఫలితం లేదు. ఏ ర్యామ్‌నైనా బోర్డు మీది ఏ2 స్లాట్‌లో ఒంటరిగా పెడితే, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక్క తప్పూ చూపదు. అదే ర్యామ్‌ను బీ2 స్లాట్‌లో పెడితే తప్పులే తప్పులు! కాబట్టి ర్యామ్‌లు మంచివేనని నా నమ్మకం.

ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి కదా, ఏదైనా వంగి ఉంటుందా? కూలర్ మరీ బిగిస్తే ఇలా అవుతుందా? లేక ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలరే పాడైందా? మార్చి చూడడానికి మరో ప్రాసెసర్ ఇక్కడ ఎవరి దగ్గరా లేదు. వారంటీ కింద మొదట ఏది పంపాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.