కుక్కతో 160 కి.మీ. నడక: మూడు నెలల్లో ఎలా సిద్ధం చేయాలి?

దారిమళ్లిన_బాటసారి:

నమస్తే అండి. మావాడు నాలుగేళ్ల మగ కుక్క, జాతి కలగలుపు, బరువు 20 కిలోలు, ఆరోగ్యం బాగానే ఉంది. ప్రస్తుతం పొద్దున 3, సాయంత్రం 3, మొత్తం రోజుకు 6 కి.మీ. నడుస్తున్నాడు. మూడు నెలల తర్వాత, ఎండలు తగ్గాక, వాణ్ని తీసుకుని 160 కి.మీ. నడవాలని ప్లాన్. రోజుకు 16 చొప్పున 10 రోజులు. దారి సగం మట్టి, మిగతాది కంకర, కొంచెం తారు రోడ్డు. రాత్రుళ్లు టెంట్‌లో.

ఈ 12 వారాల్లో దూరం ఏ వరసలో పెంచాలి? బూట్లు కొనాలా, అక్కర్లేదా? తిండి ఎంత పెంచాలి? వాడి తిండి వాడి వీపు మీదే మోయించొచ్చా? వాడి దమ్ము గురించైతే నాకు భయం లేదు, ఇంటికొచ్చాక కూడా బంతి నోట కరుచుకుని వెంటపడతాడు.

మెల్లగా_పదండి:

మీ చివరి మాటతోనే చిక్కు. దమ్ముకు కొదవ ఉండదండీ, ముందు చేతులెత్తేసేవి పాదాలు, ఆ తర్వాత కండరాలు, కీళ్లు. పైగా మీరు ముందు నడుస్తున్నారంటే కుంటుకుంటూ అయినా వెనకాలే వస్తాడు గానీ ఆగడు. నడుస్తున్నంతసేపూ హుషారులో నొప్పి బయటపడదు, ఒళ్లు చల్లారి నిద్రపోయి లేచాకే తెలుస్తుంది. కాబట్టి నిన్న ఎంత నడిచాడో లెక్క రాసుకునే బదులు ఇవాళ ఎలా లేచాడో రాసుకోండి. లేచాక మొదటి పది అడుగులు పక్కనుంచి చూడాలి. ముందుకాలు నొప్పి ఉంటే ఆ కాలు నేలకు ఆనగానే తల పైకి ఎగరేస్తాడు. వెనకకాలైతే అడుగు పొట్టిదై, తుంటి ఒక పక్క ఎక్కువగా లేస్తుంది. ఇలా కనిపించిన వారం దూరం పెంచొద్దు. రెండు రోజుల విశ్రాంతికీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

వారానికి ఒక్కటే పొడుగు నడక. దాని మర్నాడు 2 కి.మీ. వాహ్యాళి, అంతే. మిగతా రోజులు ఇప్పటిలాగే 5, 6. పొడుగు నడక మొదటి మూడు వారాలు 8, 9, 10 కి.మీ.; నాలుగో వారం 7కి దించండి. తర్వాత 11, 12.5, 14, ఎనిమిదో వారం మళ్లీ 9. అలా మధ్యలో దించడం బద్ధకం కింద లెక్క కాదు, స్నాయువులు, ప్యాడ్లు (పాదం అడుగున ఉండే మెత్తటి దిండ్లు) గుండె ఊపిరితిత్తులంత వేగంగా గట్టిపడవు, వాటికి టైమివ్వాలి. తొమ్మిది, పది వారాల్లో వరసగా రెండేసి రోజులు: 14 మర్నాడు 10, తర్వాతి వారం 15 మర్నాడు 12. పదకొండో వారం వరసగా మూడు రోజులు 15, 15, 12. ఇది మాత్రం పూర్తి సామానుతో, ప్రయాణంలో పెట్టబోయే తిండితో, టెంట్‌లో పడుకుంటూ చేయాలి. పన్నెండో వారం రోజుకు 4 దాటొద్దు.

ఆ మూడు రోజుల పరీక్షలో నాలుగో పొద్దున వాడు బిగుసుకుపోకుండా లేస్తే బయల్దేరండి. లేవకపోతే ప్రయాణాన్ని రెండు వారాలు జరపండి.

10 రోజుల్ని 12 చేయగలరా? మూడు రోజులు నడక, ఒక రోజు ఆగడం, మళ్లీ మూడు, మళ్లీ ఒకటి, మిగిలిన నాలుగు. రోజుకు అదే 16 పడుతుంది.

మీవాడి వయసుతో ఇబ్బంది లేదు. ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట: ఎముకల ఎదుగుదల ఆగకముందు, అంటే మామూలు జాతులకు ఏడాది, భారీ జాతులకు ఏడాదిన్నర రెండేళ్లు నిండకముందు ఇలాంటివి పెట్టుకోవద్దు. పగ్, బుల్‌డాగ్ లాంటి మూతి నొక్కుకుపోయిన జాతులతో ఏ వయసులోనూ వద్దు.

నాలుగుకాళ్ల_నేస్తం:

పైన చెప్పిన వరసకు నా ఓటు. నేను పాదాల గురించే రాస్తాను.

ప్యాడ్లు గట్టిపడాలంటే మీరు వెళ్లబోయే నేల మీదే నడిపించాలి. పార్కు గడ్డి మీద 14 కి.మీ. నడిచిన కుక్క కంకర మీద 6 కి.మీ.కే అరగదీసుకుంటుంది. వారంలో ఒక నడకలో కొంత భాగం కంకర మీద పెట్టండి, మొదట ఒక కి.మీ., చివరికి 5. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: నానిన ప్యాడ్ తొందరగా చిరుగుతుంది. వాగులో అరగంట ఆడించి వెంటనే కంకర ఎక్కిస్తే పొర లేచిపోవడం ఖాయం. వాగు దాటాక తుడిచి, కాసేపు మట్టి మీదో గడ్డి మీదో ఆరనివ్వండి. వాజిలిన్ లాంటివి రోజూ పూసినా ఇదే గొడవ, మెత్తబడిపోతాయి. మైనం ఎక్కువగా ఉన్న పాదాల క్రీమైతే పొద్దున బయల్దేరేముందు పల్చగా ఒక్క పూత చాలు.

సాయంత్రం పాదం చేతిలోకి తీసుకుని ఒక్కో ప్యాడ్‌ను బొటనవేలితో నొక్కండి. ఆరోగ్యంగా ఉన్నది గరుకుగా, మొద్దుగా ఉంటుంది. నున్నగా మెరుస్తూ ఉంటే అరుగుతోందని అర్థం, ఆ మర్నాడు బూట్లు వేయాలి. గులాబీ రంగు కనిపిస్తే నడక అక్కడితో ఆపండి. వేళ్లు విడదీసి మధ్యలో కూడా చూడండి. పల్లేరుకాయ అయితే కనిపిస్తుంది, తీసేస్తాం. గడ్డి ముల్లు అలా కాదు, వెనక్కి తిరిగిన నూగు ఉంటుంది కాబట్టి లోపలికే జరుగుతూ పోతుంది. వేళ్ల మధ్య చిన్న బొబ్బలా లేచి, వాడు అదేపనిగా నాకుతున్నాడంటే అదే అయ్యుంటుంది.

బూట్ల విషయానికొస్తే, కొనండి, కానీ రోజంతా వేయడానికి కాదు. కంకర పొడుగ్గా ఉన్నచోట, గాయమైనప్పుడు. నాలుగు కాళ్లకు నాలుగు, పైన కనీసం ఒకటి అదనం, ఎందుకంటే ఒకటి జారి పడిపోవడం మామూలే. కొలత పడుకున్నప్పుడు తీస్తే తప్పు వస్తుంది. కాగితం మీద ఒక కాలు పెట్టించి, పక్క కాలు మీరు ఎత్తి పట్టుకోండి, బరువు పడి పంజా విచ్చుకుంటుంది. అప్పుడు రెండు పక్కలా గీత గీసి వెడల్పు కొలవాలి. ముందుకాళ్ల పంజాలు సాధారణంగా వెనకవాటికంటే వెడల్పు, కాబట్టి నాలుగూ ఒకే సైజు తీసుకోకండి.

బూట్లతో వచ్చే పుండు దాదాపు ఎప్పుడూ ఒకేచోట, కాలి లోపలివైపు కాస్త పైన ఉండే గోరు దగ్గర, పట్టీ దాన్ని నొక్కడంవల్ల. లోపల పల్చటి సాక్సు వేసి, పట్టీని ఆ గోటికి పైనగానీ కిందగానీ కట్టండి. రెండు గంటలకోసారి విప్పాలి. కుక్కకు చెమట పట్టేది పాదాల్లోనే, లోపల తడి చేరితే ప్యాడ్ నానుతుంది, పైన చెప్పిన కథే మళ్లీ. అలవాటు చేయడం ఇప్పుడే మొదలుపెట్టండి: ఇంట్లో ఐదు నిమిషాలు, తర్వాత పది, రెండు వారాలకు ఒక కి.మీ.

గోళ్లు నిలబడ్డప్పుడు నేలకు తగలకూడదు. కత్తిరించేది బయల్దేరడానికి ఐదారు రోజుల ముందు. ముందురోజు కత్తిరించి రక్తం వచ్చిందంటే ఆ కాలితోనే నడవాలి.

గుటకగుటకకీ:

తిండి లెక్క చెప్తాను, ఫోన్ కాలిక్యులేటర్ చాలు. బరువును మూడుసార్లు గుణించండి: 20 × 20 × 20 = 8000. దానికి వర్గమూలం రెండుసార్లు తీస్తే సుమారు 9.46. దాన్ని 70తో గుణిస్తే 662. ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి కావాల్సిన కేలరీలు ఇవి. ఇంటి దగ్గర మామూలు రోజుకు దీనికి 1.6 రెట్లు, అంటే దాదాపు 1060. రోజుకు 16 కి.మీ. నడిచేటప్పుడు 2 నుంచి 2.5 రెట్లు, అంటే 1320 నుంచి 1650. ప్యాకెట్ మీద 100 గ్రాములకు 360 కేలరీలని ఉంటే, ఇంటి దగ్గర 295 గ్రాములు పెట్టేవాడికి దారిలో 370 నుంచి 460 దాకా పట్టొచ్చు. 420తో మొదలుపెట్టి పక్కటెముకలు తడిమి చూసుకోండి. నొక్కకుండానే ఎముకలు తెలుస్తుంటే పెంచండి.

మొత్తం పెంపు నడక మొదటిరోజే పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. తొమ్మిదో వారం నుంచి నడక పెరిగేకొద్దీ తిండీ పెంచుతూ రండి. బ్రాండ్ మార్చాలనుకుంటే 7 నుంచి 10 రోజులు పాతదానిలో కలుపుతూ మార్చాలి, అదీ ప్రయాణానికి నెల ముందే.

పొద్దున నాలుగో వంతు, నడక మొదలయ్యే గంటన్నర ముందు. మధ్యాహ్నం కాసింత చిరుతిండి. మిగతాదంతా సాయంత్రం, ఆగాక వగర్పు పూర్తిగా తగ్గి ఓ గంట గడిచాక. నిండు పొట్టతో నడిపిస్తే, ముఖ్యంగా ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో, పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పొట్ట డప్పులా బిగిసి, వాంతి రానట్టు ఒట్టినే ఓకరిస్తుంటే అది గంటల్లో ప్రాణం తీసే జబ్బు, ఆపరేషన్ తప్ప మందు లేదు.

నీళ్లు కిలోకు 50, 60 మి.లీ. చొప్పున ఇంట్లోనే 1 నుంచి 1.2 లీటర్లు తాగుతాడు. నడకరోజున 2, 2.5 లీటర్లు అనుకోండి. అరగంటకోసారి 100, 150 మి.లీ. ఇవ్వడం మంచిది. దాహంతో ఒక్కసారే లీటరు లాగేస్తే కక్కేస్తాడు. మీరు తాగే ఓఆర్‌ఎస్, గ్లూకోజ్ పౌడర్లు వాడికి అక్కర్లేదు, మనలా ఒళ్లంతా చెమటపట్టి ఉప్పు పోదు.

మీ సంచిలో ఏముందో కూడా చూసుకోండి. ట్రెక్కింగ్‌కు కట్టుకునే డ్రైఫ్రూట్స్ మిక్స్‌లో ఎండుద్రాక్ష, చాక్లెట్ రెండూ ఉంటాయి, రెండూ కుక్కకు విషమే. చక్కెరకు బదులు వాడే జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్, కొన్ని పీనట్ బటర్లు ఇంకా దారుణం. టెంట్‌లో రాత్రి సంచి తెరిచి పెట్టొద్దు.

దారిమళ్లిన_బాటసారి:

చాలా థ్యాంక్సండీ, 12 రోజులకు మార్చేశాను. నాలుగు రోజులకోసారి తిండి మళ్లీ కొనుక్కునే వీలుంది. 420 చొప్పున నాలుగు రోజులకు 1.7 కిలోలు. అది వాడి మీద వేయొచ్చా? సంచుల ప్రకటనల్లో బరువులో పావు వంతు దాకా మోస్తుందని రాస్తున్నారు.

మెల్లగా_పదండి:

పావు వంతంటే 5 కిలోలు. గట్టి కుక్క, బాగా అలవాటైనది, కొద్దిదూరం మోస్తుందేమో. మొదటిసారి వెళ్లేవాడికి పదో వంతు దాటించొద్దు, సంచి బరువుతో కలిపి. ఖాళీ సంచే అర కిలో పైన ఉంటుంది కాబట్టి మిగిలేది కిలోన్నర లోపు. అంటే మూడు రోజుల తిండి వాడికి, నాలుగో రోజుది మీకు.

రెండు వైపులా బరువు తూచి సర్దండి. 100 గ్రాముల తేడా ఉన్నా సంచి ఒకవైపు జారి, రెండోవైపు పట్టీ చంకలో ఒరుసుకుంటుంది. బరువు భుజాల మీదకు రావాలి, నడుం మీద పడకూడదు. మొదటి రెండు వారాలు ఖాళీ సంచి, తర్వాత వారానికి 300 గ్రాములు. ఎండ ఎక్కువైనా, దిగుడు నిట్టనిలువుగా ఉన్నా సంచి తీసి మీరే మోయాలి. దిగేటప్పుడు బరువంతా ముందుకాళ్ల మీద పడుతుంది.

సంచి లేనప్పుడు ఛాతీ మీద వై ఆకారంలో వచ్చే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీల కట్టు) వాడండి, భుజానికి అడ్డంగా పట్టీ వెళ్లేది అడుగు పొట్టి చేస్తుంది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి.

గోమార్ల_శత్రువు:

మందుల సంగతి ఎవరూ ఎత్తలేదు, ఇది ఆఖర్న చూసుకునే పని కాదు. డాక్టర్ దగ్గరికి ఇప్పుడే వెళ్లండి. రేబిస్, మామూలు కాంబినేషన్ టీకాలు గడువులో ఉన్నాయా చూడాలి. నిలవనీళ్లలో ఎలుకల, పశువుల మూత్రంవల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు మొదటిసారి టీకా వేస్తే మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి, అందుకే ముందు మొదలవ్వాలి. గుండె, కీళ్లు కూడా అప్పుడే పరీక్ష చేయించండి.

గోమార్లకు నెలరోజులు పనిచేసే మాత్రలున్నాయి, మూడు నెలలవీ ఉన్నాయి. ఏ మాత్రైనా గోమారి కరిచాకే దాన్ని చంపుతుంది, కాబట్టి రోజూ చేత్తో వెతకడం తప్పదు: చెవి లోపలి మడత, చంకలు, గజ్జలు, తోక కింద, వేళ్ల మధ్య. సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నెమ్మదిగా నేరుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం మానండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ ఉన్న మందులు కుక్కకు పూయొద్దు, పిల్లికి ప్రాణాంతకం.

నొప్పికి మీ సంచిలోని ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ ఏవీ వేయకండి. కుక్కకు సరిపడే నొప్పిమాత్ర డాక్టర్ చేత ముందే రాయించుకుని, మోతాదు పెన్నుతో అట్టపెట్టె మీద రాసి పెట్టుకోండి. దాంతోపాటు సెలైన్ ఒక చిన్న సీసా, గాయం మీద వేసే గాజ్ గుడ్డ, తనకు తానే అంటుకునే బ్యాండేజి రెండు చుట్టలు. పాదానికి ఈ బ్యాండేజి సాగదీసి చుడితే రక్తం ఆగి వాపు వస్తుంది. చుట్ట నుంచి వదులుగా విప్పుకుని, మళ్లీ సాగకుండా చుట్టాలి.

వడదెబ్బ చల్లటి రోజుల్లోనూ తగులుతుంది. గాలాడని మిట్టెక్కుడు చాలు. నీడలో పది నిమిషాలు ఆగినా వగర్పు తగ్గకపోవడం, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, తూలడం, వాంతి కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తేముందు అక్కడికక్కడే చల్లబరచాలి. దొరికిన నీళ్లన్నీ ఒంటిమీద పోస్తూ విసరండి. తడిగుడ్డ కప్పి వదిలేయొద్దు, కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది. థర్మామీటర్ ఉంటే 39.5 డిగ్రీలకు రాగానే నీళ్లు ఆపేసి బయల్దేరండి. మామూలుగా ఉండాల్సింది 38 నుంచి 39.2. తారు రోడ్డు మీద అరచేతి వెనకభాగం 7 సెకన్లు ఆనించలేకపోతే వాడూ నడవలేడు.

మందవెనక:

ఇంకో రెండు. నడుముకు కట్టుకునే, కొంచెం సాగే తాడు 2 మీటర్లది మంచిది, చేతులు ఖాళీగా ఉంటాయి. చుట్టుకుపోయే డబ్బా తాళ్లు వద్దు. నడుము తాడు కొక్కెం మాత్రం ఒక్క లాగుతో విడిపోయేదై ఉండాలి. దూడలున్న మంద మీదికొస్తే వాటి గురి కుక్క మీదే, పట్టుకుని నిలబడితే మిమ్మల్నీ తొక్కుతాయి. అలాంటప్పుడు తాడు వదిలేయండి, కుక్క తప్పించుకుంటుంది.

దారిలో రక్షిత అడవి ఉంటే కుక్కల్ని రానిస్తారో లేదో మార్గం ఖాయం చేసుకునేముందే అడగండి, చుట్టుతిరిగి వెళ్లాల్సొస్తే ఒక్కరోజే 10 కి.మీ. పెరిగిపోవచ్చు. ఇంకా, 20 కిలోల కుక్కను ఎత్తుకుని ఎంతదూరం మోయగలరో ఇంటి దగ్గరే ఒకసారి చూసుకోండి. మోయలేనట్టయితే వీపుకు కట్టుకునే ఎమర్జెన్సీ జోలె ఒకటి దొరుకుతుంది, మడిస్తే అరచేతిలో పడుతుంది. వాణ్ని అందులో కూర్చోబెట్టడం కూడా ముందే రెండు మూడుసార్లు అలవాటు చేయాలి, నొప్పితో ఉన్నప్పుడు మొదటిసారి ఎక్కించబోతే కరుస్తాడు.