సముద్రంలో బుట్టలేసి రొయ్యలు పట్టడం మన కొత్తపట్నం వైపు కుదిరే పనేనా?

ఒంగోలు_వాసి:
అందరికీ నమస్తే. మా బావమరిది అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటాడు, ప్రతి ఏడూ మే నెల వచ్చిందంటే చాలు ఫ్రెండ్స్‌తో బోటేసుకుని పోయి ఇనప చట్రానికి వల చుట్టిన బుట్టలు నీళ్లలోకి దింపుతాడు, లోపల ఎర పెట్టి, పైన బోయా కట్టి, గంటో గంటన్నరో ఆగి లాగితే రొయ్యలొస్తాయి. అమ్ముకోడానికేం కాదు, సరదాకి, ఇంట్లో వండుకోడానికి. వీడియో కాల్‌లో చూపించాడు, ఒళ్లంతా ఎర్రగా ఉండి మీద తెల్ల మచ్చలు, ఒక్కొక్కటి అరచెయ్యంత ఉంది. అది చూసిన దగ్గర్నించి నాకు మనసు ఆగట్లేదు. కొత్తపట్నంలో నాకు తెలిసినాయనకి ఫైబర్ బోటుంది, వెల్డింగ్ షాపులో చెప్పి అలాంటివే నాలుగు బుట్టలు చేయిద్దామనుకుంటున్నా. ఎన్ని బారల (బార అంటే సుమారు ఆరడుగులు) లోతులో వెయ్యాలి, ఎర ఏం పెట్టాలి, ఏ నెలల్లో పడతాయి? చెరువుల్లో వనామీ తిని తిని విసుగొచ్చింది, సముద్రం రొయ్య మన చేత్తో మనం పట్టుకుని తినాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మైపాడు_తీరం:
అన్నా, మాది మైపాడు పక్కన పల్లె, మా నాయన, చిన్నాయన అందరూ వేటకి పొయ్యేవాళ్లే, నేనూ పోతాను. సూటిగా చెప్తాండా, ఆ బుట్టల్లో మన రొయ్య పడదు. ఒకటో రెండో దూరితే దూరతాయేమో గానీ వాటిని నమ్ముకోని డీజిలు తగలెయ్యబాక.

ఎందుకంటే మన రొయ్య పగలంతా బురదలోనో ఇసకలోనో దూరుకోని ఉంటాది, కళ్లు మాత్రం పైకి పెట్టుకోని. పొద్దుగూకినాకే లేస్తాది. రాత్రిపూట కాలవ గట్టున నిలబడి టార్చి వెయ్యి, నీళ్లలో ఎర్రగా నిప్పురవ్వల మాదిరి మెరస్తా ఉంటాయి, అవన్నీ రొయ్య కళ్లే. తెల్లరొయ్యయితే ఇంకా మేలు, గుంపుగా ఈదతా పోతాది, ఒకచోట ఎర పెడితే వాసన పట్టుకోని నిదానంగా నడిచొచ్చి బుట్టలో కూచునే రకం కాదది. అందుకే మేం అది పొయ్యే దారికి అడ్డంగా వల వేస్తాం, మూడు పొరల వల. పెన్నలో కొత్తనీళ్లొచ్చి సముద్రంలో కలిసినప్పుడు చూడు, ఆ రోజుల్లో పడినట్టు ఇంకెప్పుడూ పడదు.

ఇంకో మాట, నీ బోయా సంగతి. రాత్రి పూట ఎవురి వలకైనా నీ తాడు తగులుకోని వల చినిగిందంటే అది వేల రూపాయల నష్టం, పల్లెలో పంచాయతీ అవుతాది. ఏం వెయ్యాలన్నా ముందు ఆ పల్లె పెద్దకాపుల్ని అడిగి వెయ్యి, బోటాయన తెలిసినోడే గదా అని దిగబాక.

ముత్తుకూరు_ఫిషరీస్:
పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుకున్నా, కొంచెం వివరంగా చెప్తాను.

మీ బావమరిది పట్టేది స్పాట్ ప్రాన్, పండాలిడ్ కుటుంబం. మన తెల్లరొయ్య, టైగర్, చెరువులో వనామీ ఇవన్నీ పీనియిడ్ కుటుంబం. చూడ్డానికి అన్నీ రొయ్యలే కానీ బతికే తీరే వేరు. స్పాట్ ప్రాన్ చల్లటి నీళ్లది, రాళ్లు రప్పలున్న అడుగున ముప్ఫై నలభై బారల పైన లోతులో తిరుగుతుంది, అడుగంట నడుస్తూ దొరికింది తింటుంది, అందుకే ఎర వాసనకి బుట్టలోకొస్తుంది. ఇంకో విచిత్రం ఏంటంటే అది మొదట మగదిగా బతికి తర్వాత ఆడదిగా మారుతుంది, అంటే బాగా పెద్ద సైజువన్నీ ఆడవే. గుడ్లు కూడా పొట్ట కింద కాళ్లకి అంటించుకుని చలికాలమంతా మోస్తుంది. మన రొయ్య అలా మోయదు, సముద్రంలో గుడ్లు నీళ్లలోకి వదిలేస్తుంది, ఆ పిల్లలు కొట్టుకుంటూ పెన్న మొగలోకో (నది సముద్రంలో కలిసే చోటు), బకింగ్‌హాం కాలవలోకో, పులికాట్‌లోకో వచ్చి అక్కడ పెరిగి మళ్లీ సముద్రానికి వెళ్లిపోతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పాటు నీళ్లతో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, బాగా దిగుతాయి, మొగల దగ్గర వలకట్లు పెట్టేది అందుకే. పట్టే పద్ధతంతా అది కదిలే దారి మీద ఆధారపడింది, ఎర మీద కాదు.

పండాలిడ్ రొయ్యలు ఇండియాలో అసలు లేవా అంటే ఉన్నాయి, కేరళలో కొల్లం ట్రాలర్లు లోతు సముద్రంలో అవే పట్టుకొస్తాయి, కానీ అది రెండు మూడు వందల మీటర్లు దాటిన లోతు, ఫైబర్ బోటులో సరదాకి పొయ్యే చోటు కాదు.

రెడ్మండ్_నెల్లూరోడు:
నేను పుట్టింది కావలి, ఉండేది వాషింగ్టన్ స్టేట్‌లో, ఈ బుట్టలాట నాకూ ఉంది కాబట్టి రాస్తున్నా. అక్కడ సరదా అనేది వీడియోలో కనిపించినంత ఈజీగా ఉండదండీ. లైసెన్స్ ఉండాలి, మనిషికి రెండు బుట్టలే, బోటుకి నాలుగు దాటకూడదు, ప్యూజెట్ సౌండ్‌లో (నేల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) మనిషికి రోజుకి 80 స్పాట్ ప్రాన్‌లే. హుడ్ కెనాల్ లాంటి చోట సీజన్‌లో కొన్ని రోజులే తెరుస్తారు, ఆ రోజుల్లో కూడా పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకానే. రొయ్య బుట్టకి పసుపు బోయా కట్టాలి, పీత బుట్టకి ఎరుపు తెలుపు, బోయా మీద మన పేరు, అడ్రస్ రాయాలి. తాడు నీళ్లలో మునిగేదే వాడాలి, తేలే తాడైతే వేరేవాళ్ల ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన రూలు ఇంకోటుంది. బుట్టకి ఒకచోట వలని నైలాన్‌తో కాకుండా సన్నటి నూలు తాడుతోనో జనప తాడుతోనో కుట్టాలి. బుట్ట పోయిందనుకోండి, తాడు తెగి అడుగున ఉండిపోయిందనుకోండి, కొన్నాళ్లకి ఆ నూలు కుళ్లి ఊడిపోతుంది, అక్కడ సందు పడి లోపలున్నవి బయటికి పోతాయి. లేకపోతే ఆ బుట్ట ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని లోపలికి వచ్చినవాటిని చంపుతూనే ఉంటుంది, చచ్చినవే మళ్లీ ఎర అయి ఇంకొన్ని వస్తాయి. మన దగ్గర ఎవరైనా బుట్ట చేయిస్తే దయచేసి ఇది మాత్రం చెయ్యండి, పురికొస చాలు, పది రూపాయల పని.

ఇక సౌండ్ లోపల వేరు, బయట అసలు సముద్రంలో వేరు. బయట అలలు బోయాని ఎత్తి కుదిపితే ఆ కుదుపు తాడు వెంబడి బుట్టకి తగిలి బుట్ట అడుగున గెంతుతూ జరిగిపోతుంది. అందుకే బరువు ఎక్కువ వేస్తారు, తాడు కూడా లోతు కన్నా బాగా ఎక్కువ వదులుతారు, లేకపోతే నీళ్ల లాగుడుకి బోయా మునిగిపోయి కనపడదు, ఇక వెతుక్కోవడమే.

ఒంగోలు_వాసి:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. రొయ్య ఆశ వదిలేస్తున్నా. మరి అవే బుట్టల్తో పీతలు పట్టొచ్చా? అవైతే అడుగున నడిచేవే కదా. మైపాడు అన్నా, నువ్వే చెప్పాల.

మైపాడు_తీరం:
పీతయితే పడతాది అన్నా, ఆ మాట నిజం. చుక్కలపీత, నీలిపీత రెండూ వాసనకి వస్తాయి. ఎరకి కవళ్ల చేపలు గానీ చేప తలకాయలు గానీ పెట్టు, ఊరకే లోపల పడెయ్యబాక, చిన్న వల సంచిలో కట్టి నడిమధ్యన వేలాడదియ్యి, లేకుంటే పీత బయటనుంచే డెక్క పెట్టి లాక్కోని తిని పోతాది. అయిదారు బారల నీళ్లు చాలు, మరీ లోపలికి పోబాక. పీత ఎర దగ్గరికొచ్చి ముందు బుట్ట చుట్టూ తిరగతాది, దారి దొరికిందాకా వల మీద పాకతా ఉంటాది, అందుకని దారులు రెండు పక్కలా పెట్టించు, నున్నగా ఏటవాలుగా లోపలికి పొయ్యేట్టు. ఆ రెడ్మండ్ అన్న చెప్పిన పురికొస మాట నాకు బో నచ్చింది, మా పల్లెలో పీత బుట్టలేసే పిలకాయలకి చెప్తాను.

పొట్ట కింద గుడ్లతో ఉన్న పీత వస్తే, పసుపుగా ఉన్నా నల్లగా తిరిగినా సరే, వెంటనే నీళ్లలో వదిలెయ్యి. సైజు చిన్నదైనా అంతే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజన్ బోటు తియ్యకూడదు, సరదాకే గదా అంటే ఊరుకోరు. తుపాన్ల నెలల్లో కూడా వద్దు. బయల్దేరే ముందు రోజు హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు పెట్టే అలల హెచ్చరిక చూసుకో, లైఫ్ జాకెట్ లేకుండా బోటెక్కబాక, ఫోన్‌లో కోస్ట్ గార్డ్ నంబర్ 1554 ఫీడ్ చేసి పెట్టుకో. నాలుగు బుట్టలు వద్దు, మొదటిసారికి రెండు చాలు, బోయా మీద బోటు నంబర్ పెద్దగా రాయి. డీజిలు, ఆయన కూలి నీదే అని ముందే మాట్లాడుకో, పీతలు పడినా పడకపోయినా.