వేరేవాళ్ల బొంతలు లాంగ్ ఆర్మ్ మీద కుట్టి ఇచ్చేవాళ్లు ఉన్నారా? ఒక సందేహం

కావలి_కుట్టు:

అందరికీ నమస్కారం. మాది కావలి. బ్లౌజులు, డ్రెస్సులు కుట్టే షాపు ఉంది. ఈ మధ్య ఒక లాంగ్ ఆర్మ్ మెషీన్ (ఫ్రేముకు ఎక్కించిన బొంత మీద కదులుతూ కుట్టేది) సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకున్నాను. పదడుగుల ఫ్రేము, చేత్తో నడిపేది. కంప్యూటర్ లేదు, కుట్లన్నీ ఒకే పొడవు పడేలా చూసే స్టిచ్ రెగ్యులేటర్ ఉంది. మా ఇంటి బొంతలు కుట్టుకుంటూ చెయ్యి బాగానే కుదిరింది. ఇప్పుడు మొదటిసారి బయటివాళ్ల పని వచ్చింది. అక్కడే టెన్షన్ పట్టుకుంది.

కోవూరు నుంచి ఒకామె తెచ్చారు. వాళ్లమ్మగారు పోయారట. ఆమె కట్టిన చీరలు ముక్కలు చేసి, ఇంట్లో మెషీన్ మీద కలిపి పైభాగం అంతా తనే కుట్టుకున్నారు. దాన్ని నేను దూది పొర, కింది గుడ్డ పెట్టి కుట్టి ఇవ్వాలి. సైజు 60 అంగుళాలు, 90 అంగుళాలు. ఎక్కువగా వెంకటగిరి నూలు చీరలే, మధ్యమధ్య జరీ ఉన్న పట్టు ముక్కలు. ముక్కల పొందిక చూస్తే ముచ్చటేస్తుంది, రంగులన్నీ ఒకదానికొకటి ఆలోచించి పెట్టారు.

కానీ నేల మీద పరిస్తే చుట్టూ ఉన్న బార్డరు అలలుగా పైకి లేస్తోంది. మధ్య భాగం చదునుగానే ఉంది. ఒక నూలు ముక్క బాగా అరిగిపోయి వెలుతురుకు పెడితే అవతల చెయ్యి కనిపిస్తోంది. ఇంకో చోట పసుపు మరక ఉంది. నేను ఇంకా ఫ్రేముకు ఎక్కించలేదు. ఆ అలలు కుట్టులో సర్దుకుంటాయా? లేదంటే ఆమెకు చెప్పాలా? అమ్మ చీరలతో ఇంత ప్రేమగా కుట్టుకున్న మనిషికి "ఇందులో లోపం ఉంది" అని ఎలా చెప్పాలో తెలియడం లేదు. రేటు ఏ లెక్కన చెప్పాలో కూడా ఎవరైనా చెప్పండి.

ఒంగోలు_టైలర్:

అమ్మా, మేము కర్టెన్లు, సోఫా కవర్లు, పరుపు కవర్లు కుడతాం. బార్డరు కొంచెం ఎక్కువైతే గంజి నీళ్లు చల్లి గట్టిగా ఇస్త్రీ చేయండి, సగం అలలు అక్కడే పోతాయి. మిగిలింది కుట్టేటప్పుడు చేత్తో లోపలికి తోసుకుంటూ పోవచ్చు. దూది పొర కాస్త మందంగా పెట్టినా ఆ వదులు అందులో కలిసిపోతుంది. కస్టమర్‌కు చెప్పి బాధపెట్టడం దేనికి?

నెల్లూరు_బొంతలక్క:

కావలి చెల్లీ, ఎక్కించకముందే అడిగావు, మంచి పని చేశావు. నేను వేదాయపాళెంలో ఇదే పని చేస్తున్నాను, వచ్చేవాటిలో ఎక్కువ చీరల బొంతలే. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ఒంగోలు అన్నయ్య చెప్పింది మామూలు మెషీన్ మీద నడుస్తుంది. అక్కడ గుడ్డ మన చేతుల కింద నుంచి పోతుంది, అంగుళం అంగుళం సర్దుకోవచ్చు. లాంగ్ ఆర్మ్ మీద గుడ్డ రాడ్లకు చుట్టి ఉంటుంది, కదిలేది మెషీను. అంచులో మిగిలిన గుడ్డకు పోయే దారి లేదు. రాడ్డు చుడుతున్నకొద్దీ అది పక్కల జమవుతూ వచ్చి, కింది బార్డరు చేరేసరికి మడత పడుతుంది, సూది ఆ మడత మీదే నడుస్తుంది. కొత్త గుడ్డయితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. అరిగిన చీరలో కుట్టు విప్పితే సూది రంధ్రాలు అలాగే ఉండిపోతాయి.

ముందు టేపు తీసుకుని కొలువు. పొడవు మధ్యలో ఎంత, కుడి అంచున ఎంత, ఎడమ అంచున ఎంత. అలాగే వెడల్పు కూడా. అంచుకూ మధ్యకూ తేడా అంగుళం లోపు ఉంటే నేను తీసుకుంటాను. గంజి, ఆవిరి ఇస్త్రీ, బార్డరులో కాస్త దగ్గర కుట్టు, వీటితో అది సర్దుకుంటుంది. అక్కడి వరకు అన్నయ్య మాట నిజమే. రెండంగుళాలు దాటితే మాత్రం తిరిగి ఇచ్చేస్తాను, ఎవరిదైనా సరే. ఆ రెంటికీ మధ్యలో ఉంటే గుడ్డను బట్టి చూస్తాను. నూలు కొంత ఓర్చుకుంటుంది, పట్టు ఓర్చుకోదు.

బార్డరు ఇలా ఎందుకు అవుతుందంటే, చాలామంది పొడవాటి పట్టీని అంచుకు పెట్టి కుట్టుకుంటూ పోయి, చివర్లో మిగిలింది కత్తిరిస్తారు. కుట్టేటప్పుడు పట్టీ సాగుతూ పోతుంది. చీరలో పడుగు దారం వెంట కోసిన పట్టీ తక్కువ సాగుతుంది, పేక వైపు కోస్తే ఎక్కువ, ఐమూలగా కోస్తే ఇక చెప్పక్కర్లేదు. సరి చేయడం పెద్ద కష్టం కాదు. బార్డరు విప్పి, లోపలి భాగం పొడవును మూడు చోట్ల కొలిచి, దాని సగటుకు రెండు పట్టీలూ ఒకే కొలతకు కోయాలి. మధ్యకు మధ్య, కొసకు కొస గుండుసూదులు పెట్టి కుట్టాలి. ఎక్కడైనా వదులుంటే, వదులున్న గుడ్డ కిందకు, గుడ్డను ముందుకు లాగే మెషీన్ పళ్ల వైపు ఉంచితే మెషీనే లోపలికి లాక్కుంటుంది. పొడవు అంచులు అయ్యాక వెడల్పు అంచులు, అవి కూడా మళ్లీ కొలిచిన తర్వాతే.

ఆమెకు చెప్పాలా అన్నావు. తప్పకుండా చెప్పాలి, ఫోన్‌లో కాదు. రమ్మని పిలిచి, పెద్ద బల్ల మీద పరిచి, టేపు ఆమె చేతికే ఇవ్వు. మధ్యలో కొలవమను, అంచున కొలవమను. "ఈ మిగిలిన గుడ్డ ఎక్కడికి పోవాలి చెప్పండి" అంటే ఆమెకే తెలుస్తుంది. లోపం అనే మాట ఎత్తాల్సిన అవసరమే రాదు. విప్పి సరి చేసేది ఆమే చేసుకుంటారా, నువ్వు చేయాలా, అది కూడా ఆమెనే అడుగు. నువ్వు చేసేటట్టయితే దానికి కూలి వేరుగా చెప్పు. అడక్కుండా మాత్రం కత్తెర పెట్టొద్దు. వాళ్లమ్మ చీర మీద నిర్ణయం ఆమెది.

పసుపు మరక కూడా అంతే. మనకు అది మరక. ఆమెకు ఏ పండగ నాటిదో, ఏ వంట నాటిదో. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఉంచమన్నవాళ్లే ఎక్కువ. అడక్కుండా సబ్బు పెట్టకు.

అరిగిన ముక్క సంగతి. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగి చూడు. దారాలు విడిపోతుంటే సూది తట్టుకోదు. అదే చీర ముక్క ఆమె దగ్గర మిగిలి ఉందేమో అడుగు. పమిట చెంగు వైపు సాధారణంగా గట్టిగా ఉంటుంది, కుచ్చిళ్ల దగ్గరే అరుగుతుంది. లేకపోతే వెనక మెత్తటి మల్లు గుడ్డ గానీ, ఇస్త్రీతో అంటుకునే సన్నటి పేస్టింగ్ గానీ వేయాలి. పట్టు ముక్కలకు ఎలాగూ పేస్టింగ్ మంచిది. జరీ మీద సూది మొన త్వరగా మొద్దుబారుతుంది, దారం తెగుతుంది. అందుకే పట్టు బొంత మొదలుపెట్టేటప్పుడు కొత్త సూది వేస్తాను, మధ్యలో టిక్కు టిక్కుమని శబ్దం వస్తే అక్కడే మారుస్తాను. నూలుకు, పట్టుకు కూడా 16 నంబరు చాలు. 18 వేస్తే రంధ్రం పెద్దదవుతుంది.

రంగు కారుతుందేమో తడి తెల్లగుడ్డతో ప్రతి రంగునూ రుద్ది చూడు, ముఖ్యంగా ఎరుపు, మెరూన్. ఎన్నో ఉతుకులు అయిన చీరలైతే భయం తక్కువ, బీరువాలో దాచిన పట్టుతోనే భయం. వెనక వేలాడే దారాలు కత్తిరించు. లేత రంగు ముక్క కింద నల్ల దారం ఉండిపోతే కుట్టాక గీతలా కనిపిస్తుంది.

లోపల ఏం పెట్టాలో ఆమె ఎక్కడ వాడతారో తెలుసుకుని చెప్పు. నూలు బ్యాటింగ్ (లోపల పరిచే దూది పొర) ఉతికాక నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుని ముడతల అందం వస్తుంది, పాలిస్టర్ అలాగే ఉంటుంది. మన రోహిణి కార్తె ఎండల్లో మందంగా ఉంటే ఎవరూ కప్పుకోరు. నేను చాలాసార్లు బ్యాటింగ్ బదులు మెత్తటి పాత నూలు చీరనే మధ్యలో పరుస్తాను, మన పాత బొంతల్లో ఉండేది అదే కదా. ఫ్రేము మీద అది చక్కగా నడుస్తుంది. విడి దూది మాత్రం వద్దు, అది ఒక పక్కకు పోతుంది. కొన్న బ్యాటింగ్ అయితే ఎన్ని అంగుళాల దూరంలో కుట్టాలో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, అది చదివాకే డిజైన్ ఎంచుకో.

కింది గుడ్డ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. నీ 60, 90కి 68, 98 కావాలి. చీర పన్న 45, 46 అంగుళాలే కాబట్టి అతుకు తప్పదు. అతుకు దగ్గర చీర అంచు కత్తిరించెయ్యి, అది బిగుతుగా ఉండి ముడతలు లాగుతుంది. అతుకు రాడ్డుకు సమాంతరంగా వచ్చేటట్టు ఎక్కించు. నిలువుగా వస్తే చుట్టినకొద్దీ అక్కడే మందమై ఆ ఒక్కచోట గుడ్డ బిగుస్తుంది. మూలలు సూటిగా లేకపోతే ముందు అవి సరి చేసుకో. నువ్వు ఎంత బాగా కుట్టినా వంకరగా ఉన్న ఈ కింది గుడ్డ (బ్యాకింగ్) వెనక ముడత వేస్తుంది.

ఫ్రేము మరీ బిగించకు. కింద నుంచి వేలు పైకి పొడిస్తే పైనుంచి ఆ వేలిని పట్టుకోగలగాలి, అంత వదులు చాలు. మద్దెల మూతలా బిగిస్తే కుట్లు వదిలేస్తుంది, దింపాక ముడుచుకుంటుంది.

కందుకూరు_పద్మజ:

నేను కుట్టేదాన్ని కాదు, ఇచ్చేదాన్ని. మా పాప బారసాలకు మా అత్తయ్య చీరలతో పైభాగం చేసి ఒకచోట ఇచ్చాను. వాళ్లు ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు, నీట్‌గా కుట్టి ఇచ్చారు. కానీ డిజైన్ తలకిందులుగా పడింది. పూల తీగ మొత్తం కాళ్ల వైపు నుంచి తల వైపు కాకుండా అటుది ఇటు అయింది. పైవైపు ఏదని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. మీరు అడిగే ప్రతి ప్రశ్నా మాకు ధైర్యమే ఇస్తుంది, చెల్లి గారూ. అలలున్నాయని ముందే చెప్తే ఆ కోవూరు ఆమె బాధపడతారని నేను అనుకోను.

కావలి_కుట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీరు చెప్పినట్టు కొలిచాను. పొడవు మధ్యలో 90, ఒక అంచు 93, ఇంకోటి 92న్నర. వెడల్పు మాత్రం రెండు చివర్లా, మధ్యలో 60కి దగ్గరగానే ఉంది. అంటే రెండు పొడవు బార్డర్లే విప్పాలి. ఆమెకు ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాను, బల్ల మీద చూద్దామని మాత్రమే చెప్పాను.

పద్మజ గారూ, పైవైపు మాట మంచిది, అది నాకు తట్టలేదు. రేటు, దారం సంగతి కూడా చెప్పండక్కా. ఇక్కడ ఎవరూ ఈ పని చేయడం లేదు, ఎంత అడగాలో పోల్చుకోవడానికి లేదు. ఇంకొకటి, మా వైపు కరెంటు పోయి వస్తుంటుంది.

నెల్లూరు_బొంతలక్క:

మూడంగుళాలంటే విప్పాల్సిందే, సందేహం లేదు. విప్పేటప్పుడు కుట్టు తీసే పుల్లతో మూడు నాలుగు కుట్లకు ఒకటి తెంపి వెనక దారం లాగెయ్యి, గుడ్డను పట్టి చించొద్దు. వెడల్పు బార్డర్ల చివర్లు ఈ పొడవు పట్టీల మీదకు వచ్చి ఉంటే అక్కడ కూడా మూల వరకు విప్పాలి.

రేటు చదరపు అంగుళాల లెక్కనే చెప్పు. అమెరికాలో ఈ పని చేసేవాళ్లు కూడా అలాగే చెబుతారు, అంగుళానికి ఇన్ని సెంట్లు అని. నీ బొంత 60ని 90తో గుణిస్తే 5400 చదరపు అంగుళాలు. ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఒకే డిజైన్ నడిపితే నేను 40 పైసలు తీసుకుంటాను, అంటే 2160 రూపాయలు. దారం అందులోనే. ఒక్కో ముక్కలో వేరే డిజైన్ కావాలంటే దానికి రెట్టింపు పైనే పని, రేటు కూడా అంతే. బ్యాటింగ్, అంచు పట్టీ కుట్టడం, బార్డరు రిపేరు విడివిడిగా రాయి. మొదటి పని కదా అని తక్కువ చెప్పొద్దు, ఆమె చెప్పే తర్వాతి నలుగురూ అదే రేటుకు వస్తారు.

ఒక చీటీ రాసి ఇద్దరూ సంతకం చేసుకోండి. సైజు, దారం రంగు, డిజైన్ పేరు, పైవైపు ఏది, ముందే ఉన్న చిరుగులు, మరక ఉంచాలా తీయాలా. ఒక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. పైవైపు మధ్యలో కాగితం ముక్క గుండుసూదితో గుచ్చితే ఎక్కించేటప్పుడు తికమక ఉండదు.

దారం పాలిస్టర్ వాడు, మెషీన్ వేగానికి తట్టుకుంటుంది, పోగు తక్కువ రాలుతుంది. పాత నూలు చీర నుంచి మాత్రం నూగు బాగా వస్తుంది, బాబిన్ మార్చిన ప్రతిసారీ బ్రష్‌తో తుడిచి ఒక చుక్క నూనె వెయ్యి. అంగుళానికి పది, పదకొండు కుట్లు చాలు. పక్కన మిగిలిన ఆ నాలుగంగుళాల బ్యాకింగ్ మీద ముందు కుట్టి చూడు. పై దారం కింద వైపుకు కనిపిస్తే పైది కాస్త బిగించు. వంపుల దగ్గర ప్రత్యేకంగా చూడు, సూటి గీతలో బాగున్న దారం బిగుతు వంపులో తప్పుతుంది. మొదటి వరుస అయ్యాక ఫోన్ కెమెరా కింద పెట్టి మొత్తం చూసుకున్నాకే రాడ్డు చుట్టు. వెనక దారం గుత్తులు పడి ఉంటే ఒక్క వరుసతోనే ఆగుతావు.

డిజైన్ మామిడి పిందెలు గానీ, పెద్ద తీగ గానీ ఎంచుకో, గీతకూ గీతకూ రెండు మూడు అంగుళాల ఎడం. చిన్న చిన్న డిజైన్లు దట్టంగా వేస్తే చీర మెత్తదనం పోతుంది, అమ్మ చీర పట్టుకున్నట్టు ఉండదు ఆమెకు. దారం రంగు మీద ఆమె తేల్చుకోలేకపోతే రెండు మూడు రీళ్ల దారం విప్పి పైభాగం మీద కుప్పగా పరిచి చూపించు. రీలు మీద చూసే రంగు వేరు, గుడ్డ మీద వేరు.

కరెంటుకు స్టెబిలైజర్, యూపీఎస్ పెట్టు. పోయినప్పుడు సూదిని కిందనే ఉంచి హ్యాండిల్ కదలకుండా ఆగు, వచ్చాక రెండు మూడు కుట్లు వెనక నుంచి అదే గీత మీద కలుపు. ఆదివారం ఆమె ఏమన్నారో, దారం ఏది ఎంచుకున్నారో ఇక్కడ రాయి.