ప్రాణంబులు ఠావుల్ దప్పెనా, తావుల్ దప్పెనా?

ముక్తేశ్వరం మనవడు:
పెద్దలకు నమస్కారమండి. మా తాతగారు పోయినేడు కాలం చేశారు. తొంభై అయిదు ఉంటాయి. పుట్టిన తేదీ ఆయనకే తెలీదు, పుష్కరాలతో లెక్క చెప్పేవారు. 2015 పుష్కరం ఎనిమిదోదిట, వాళ్ళమ్మ చంకనెక్కి చూసినదాంతో కలిపి. సంవత్సరీకానికి చుట్టాలకి పంచడానికి చిన్న పుస్తకం అచ్చేయిస్తున్నాం. ఫొటో కింద ఆయన రోజూ చదివే పద్యం వెయ్యాలి. అరుగు మీంచి గోడ పట్టుకుని లేచినప్పుడల్లా ‘లావొక్కింతయు లేదు’ అందుకునేవారు.

పోతన గజేంద్రమోక్షంలోది, అందరికీ వచ్చిందే. పేచీ రెండో పాదంతో. ఆయన ‘తావుల్ దప్పెను’ అనేవారండి. ఠ కాదు, శుభ్రంగా త. మరి ‘దనువున్’ తరవాత ‘డస్సెన్’ అనేవారా, ‘దస్సెన్’ అనేవారా? అదే ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు. ఫోనులో ఒక్క రికార్డింగుంది. సరిగ్గా ఆ మాట దగ్గరకొచ్చేసరికి చేలో ఇంజను స్టార్టయింది. బాబాయి ‘పుస్తకంలో ఉన్నట్టు వెయ్యి, ఊళ్ళో నవ్వుతారు’ అంటున్నాడు. నాన్నగారు ‘ఆయన అన్నట్టే వెయ్యి’ అంటున్నారు. తావుల్ అనే పాఠం ఎక్కడైనా ఉందాండి?

యతిమైత్రి:
లేదు, ఉండదు కూడా. శార్దూలంలో పదమూడో అక్షరం యతి స్థానం, పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. అది చూడండి. ‘ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్’. ఠాకి డ. తావుల్ అంటే తకి డకి యతి పెట్టాల్సొస్తుంది. పోతన చేత ఆ పని చేయించకండి. నా దగ్గరున్న అచ్చు ప్రతులన్నిటా ఠావులే. బాబాయిగారి మాట వినండి.

గోదారొడ్డు మేష్టారు:
అబ్బాయి అడిగినదాంట్లో సగమే చదివారు సార్. దస్సెన్ అని ఉంటేనో? తా, ద. నిక్షేపంలా కుదిరింది. అప్పుడాయన పాదాన్ని చెడగొట్టినట్టు కాదు, రెండు చివరలా ఒకేలా మార్చుకున్నట్టు. చదువుకున్నవాడు కూడా అంత జాగ్రత్తగా మార్చడు. డిగు దిగు అయింది, డాగు దాగు అయింది, డగ్గర దగ్గరయింది. డస్సు దస్సు ఎందుక్కాకూడదు?

యతిమైత్రి:
ఎందుక్కాకూడదో తెలీదు గానీ కాలేదు. ‘పొద్దుట్నించీ తిరిగి దస్సిపోయాను’ అన్న మనిషి నాకింతవరకూ తగల్లేదు. డప్పి దప్పి అయింది, ఒప్పుకుంటాను. డస్సు మాత్రం డస్సుగానే ఉండిపోయింది. ఉండే మాటల్తో లేని మాటని రుజువు చెయ్యకండి.

కాగితం పులి:
మాకు ఠావు అంటే పరీక్షల్లో ఇచ్చే కాగితం. అరఠావు అడిగి తీసుకునేవాళ్ళం. ప్రాణాలు కాగితాలు తప్పడమేంటని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇంతకీ ఆ ఠావూ ఈ ఠావూ ఒకటేనా?

గోదారొడ్డు మేష్టారు:
కాగితం సంగతి తరవాత చూద్దామమ్మా. స్థా ధాతువు ప్రాకృతంలో ఠా అయింది. స్థానం ఠాణం. చోటు అనే అర్థంలో మన ఠావు ఆ తోవనే వచ్చిందంటాను. కన్నడంలోనూ ఠావు ఉంది, తావూ ఉంది. ఒత్తు పలకని నోళ్ళలో తావయింది. అంటే పోతన కాలానికే రెండూ వాడుకలో ఉండొచ్చు. తాటాకు రాసేవాడు ఒకటి విని ఒకటి రాసుండొచ్చు.

యతిమైత్రి:
‘ఉండొచ్చు’లు రెండు. ఠ ఎలా ఉంటుందండీ? ర పొట్టలో చుక్క. ఆకు మీద ఆ చుక్క ఎగిరిపోతే ఠావులు ‘రావులు’ అవుతాయి గానీ తావులు ఎలా అవుతాయి?

రాజోలు కోడలు:
ఆయ్, ఇంత దూరం ఎందుకండీ. తొంభై దాటిన మనిషి, పళ్ళ సెట్టు తీసేసి చదివుంటారు. ఠ నోరు తిరక్క త అయింది. మా మావగారు కూడా అంతే.

యతిమైత్రి:
తిరగబడిందమ్మా మీ వాదం. త దంత్యం, నాలిక పళ్ళకి ఆనాలి. ఠకి అంగిలి చాలు. పళ్ళు లేనాయనకి ఠావులే సుళువు.

రాజోలు కోడలు:
శాస్త్రం మీది, మావగారు మావారు. ఆయన అన్నది చెప్పాను.

ముక్తేశ్వరం మనవడు:
పళ్ళున్న రోజుల్నించీ తావులేనండి. 86 ఆగస్టు వరదకి ఇంటి కప్పెక్కి ఇదే పద్యం ఎత్తుకున్నార్ట. మా మామ్మ ‘మొసలేం పట్టుకోలేదు గానీ కింద గాదెలో నీళ్ళొస్తున్నాయి, దిగండి’ అందిట. మామ్మకి లావు మీద కూడా పేచీయే. ‘లావుకేం లోటు, రెండు పూటలా నెయ్యి పోస్తున్నాగా’ అనేది. లావంటే బలమని తెలిసే అనేది. చదువంటారా, వీధిబడిలో గజేంద్రమోక్షం, రుక్మిణీ కల్యాణం నోటికి పట్టించారు, అంతే. పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు.

గోదారొడ్డు మేష్టారు:
అదీ సంగతి! నోటి పాఠం. ఆ బడి అయ్యవారు తావుల్ అనే చెప్పుంటారు. అచ్చు ప్రతికీ ఆయన నోటికీ చుట్టరికమే లేదు. ఈ డ, ద గొడవ పోతన దగ్గర కొత్త కూడా కాదు. ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల’. ఆ దాపల ఏమిటి? దాపు అనుకుని ‘దగ్గర’ అని చెప్పి దాటేసేవాళ్ళే ఎక్కువ. అది డాపల. ఎడమ పక్క. గజేంద్రుడు పిలిచిన పద్యంలో డ, విష్ణువు విన్న పద్యంలో ద. ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

యతిమైత్రి:
‘ఆ మూల’ ఒక మూలా, మూలసౌధమా అన్నదానికే ఈ గుంపులో ఇదివరకు కొట్టుకున్నాం. ఇప్పుడు దాపల కూడానా. ‘దగ్గర’ అంటే ఏం పోయింది? సౌధం పక్కన మందారవనం, అందులో కొలను. కవి దారి చెప్తున్నాడు గానీ దిక్కు చెప్పట్లేదు.

ముక్తేశ్వరం మనవడు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. దాపల అంటే ఎడమేనండి. తాతగారు కాడి కట్టేటప్పుడు ఎడమది దాపటి గిత్త, కుడిది వలపటి గిత్త. దాళ్వా దమ్ముకి ట్రాక్టరొచ్చాక కూడా డ్రైవర్ని ‘దాపటికి కొయ్యరా’ అని కేకేసేవారు. ఆ కుర్రాడు తెల్లమొహం వేసుకుని కుడికి కోసేవాడు.

గోదారొడ్డు మేష్టారు:
తీర్పు వచ్చేసింది! నిఘంటువు అక్కర్లేదు. మీ తాతగారు దాపటికి ద అన్నారు, తావుకి త అన్నారు. ఆ నోటికి డస్సెన్ ఎలా వస్తుంది? దస్సెన్ అనే ఉంటారు.

యతిమైత్రి:
అలా అయితే ఆయన డబ్బాని దబ్బా అనుండాలి. అనేవారా? అనరు. దాపటి ఊరంతా అనే మాట, ఆయన చేసింది కాదు. ఎద్దు సాక్ష్యం ఎద్దు వరకే చెల్లుతుంది. ఎడమ అని మాత్రం ఒప్పుకుంటున్నాను, రాసిపెట్టుకోండి.

లాకుల దగ్గర:
పోతనది ఓరుగల్లా ఒంటిమిట్టా అని కూడా మొదలెట్టండి, కొలువు పూర్తవుతుంది.

గోదారొడ్డు మేష్టారు:
దాని జోలికెళితే అడ్మిన్ గారు తాళం వేస్తారు. మనవడుగారూ, ఇంకెవరి దగ్గరా రికార్డింగు లేదా?

ముక్తేశ్వరం మనవడు:
అమలాపురం అత్తయ్య దగ్గర ఉంది గానీ అందులో మొదటి పాదం దాకానే చదివి కొబ్బరి చెట్ల కబుర్లలో పడ్డారు. 96 నవంబరు తుపానుకి తోటంతా పడిపోయింది. అప్పటికే అరవై అయిదు దాటాయి. మొక్కలు పాతుతుంటే ‘కాపు మీరు చూస్తారా’ అన్నాట్ట ఎవరో. ఆ చెట్ల బొండాలు ఇరవై ఏళ్ళు తాగారు. అన్న పెద్దమనిషిక్కూడా ప్రతి దింపుకీ ఓ గెల పంపించేవారు. పుస్తకంలో ఇదీ రాస్తున్నాను. పద్యం జాగా ఖాళీగా వదిలాను. ప్రెస్సాయన రెండ్రోజులు గడువిచ్చాడు.

కాగితం పులి:
రెండూ వెయ్యండి. పైన పోతన పాఠం, కింద ‘తాతగారి పాఠం’ అని.

యతిమైత్రి:
ఆ కిందిదానిలో పదమూడో అక్షరం ఏం వేస్తారు? ఇంజను చప్పుడా?

అంబాజీపేట అల్లుడు:
ఆలస్యంగా చూశాను. మా తాతగారికి రెండో పాదంతో గొడవ లేదు గానీ నాలుగోది ‘సంరక్షించు భద్రాచలా’ అని ముగించేవారు. అదే పాఠం అండీ?

యతిమైత్రి:
పాఠం కాదు, పాపం. భద్రాత్మకా. గణాలు మాత్రం దొంగసచ్చినవి అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి, నా బాధ అదీ. కానీ భద్రాచలం కొండ కదా. గజేంద్రుడు కొండని పిలుస్తాడా?

గోదారొడ్డు మేష్టారు:
ఎందుకు పిలవడూ? భద్రుడే కొండయ్యాడు, రాముడు ఆ కొండ మీద కూచున్నాడు. గోదారి వాళ్ళం ఏ కష్టమొచ్చినా చూసేది ఎగువకే.

యతిమైత్రి:
ఉన్నదే త్రికూట పర్వతం మీద. సొంత కొండని వదిలేసి ఏనుగు మీ భద్రాచలానికి కబురు పెట్టిందంటారా?