అప్‌డేట్: నాన్న గుండె గోడ మందం, ఎంజైమ్‌ల సంగతి

రెండు నెలల క్రితం నేను అడిగింది ఇదీ: బీపీ, అధిక బరువు రెండూ ఉన్న మా నాన్నకి ఎకోలో (గుండె స్కాన్‌లో) ఎడమ జఠరిక, అంటే ఒళ్ళంతటికీ రక్తం పంపే గది, గోడ 13 మిల్లీమీటర్లు వచ్చింది, కండరం పెరిగితే గుండె బలపడినట్టే కదా, మరి ఎంజైమ్‌ని ఆపే మాత్ర ఎందుకు రాశారు అని. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

నిన్న మళ్ళీ చూపించాం. డాక్టర్ గారు రిపోర్టు వెనకాల రెండు గుండ్రాలు గీశారు, ఒకదాని గోడ పలచన, రెండోదాని గోడ దళసరి, లోపల రక్తం నిండే చోటు ఇరుకు. గోడ బిరుసెక్కితే గుండె సడలి నిండడమే కష్టం. మెట్లెక్కితే నాన్నకి ఆయాసం అందుకేనట.

ఇక ఎంజైమ్‌లు. కిడ్నీ నుంచి వచ్చే రెనిన్ అనే ఎంజైమ్, లివర్ తయారుచేసే యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీన్‌ని కోసి యాంజియోటెన్సిన్ 1 చేస్తుంది, దాన్ని ఏసీఈ అనే ఇంకో ఎంజైమ్ యాంజియోటెన్సిన్ 2గా మారుస్తుంది, ఇది రక్తనాళాలను బిగించడంతో ఆగదు, గుండె కణాలను పెరగమని నేరుగా ఉసిగొల్పుతుంది. ఆ యాంజియోటెన్సినోజెన్‌ని కొవ్వు కణాలు కూడా తయారుచేస్తాయి! నాకు ఇదే కొత్త. అంటే బరువు గుండెకి ఒట్టి మోత మాత్రమే కాదు.

నాన్నకి మొదట రాసిన మాత్ర రామిప్రిల్, అది ఆ ఏసీఈనే ఆపుతుంది. కానీ ఒంట్లో ఉండే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరిచేది కూడా ఏసీఈనే కాబట్టి, అది పేరుకుని నాన్నకి రాత్రంతా పొడిదగ్గు. టెల్మిసార్టాన్‌కి మార్చారు, అది ఎంజైమ్ జోలికి పోకుండా కణాల మీద యాంజియోటెన్సిన్ 2 అతుక్కునే చోటుని (రిసెప్టర్‌ని) మూసేస్తుంది. దగ్గుందని మాత్ర మీరే మానేయకండి, దయచేసి డాక్టర్‌కి చెప్పండి.

ఇప్పుడు బీపీ 128/80, బరువు 3 కిలోలు తగ్గారు. ఆరు నెలల తర్వాత మళ్ళీ ఎకో.