లేజర్ అయి ఐదో రోజు, ముఖమంతా గరుకు చుక్కలు: ఆరనివ్వాలా, జెల్లీ రాస్తూనే ఉండాలా?

చామనఛాయ:
అందరికీ నమస్తే. పాత మొటిమల గుంటలకి ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ చేయించుకున్నాను, ఈరోజుకి ఐదో రోజు. మొదటి రెండ్రోజులు ఎండకి కమిలినట్టు మంట, కళ్ళ కింద వాపు, అవి తగ్గాయి. ఇప్పుడు చెంప మీద చెయ్యి పెడితే ఉప్పుకాగితం తగిలినట్టుంది, అద్దం దగ్గరగా పెట్టి చూస్తే సూదిమొనంత గోధుమరంగు చుక్కలు గళ్ళు గళ్ళుగా కనిపిస్తున్నాయి. క్లినిక్‌లో పెట్రోలియం జెల్లీ రాయమన్నారు, ఎన్నాళ్ళో చెప్పలేదు. ఇంట్లో వాళ్ళేమో జిడ్డు పెడితే పుండు మానదు, గాలి తగలనివ్వు, పొక్కు కట్టి అదే రాలిపోతుంది అంటున్నారు. నిన్న రాత్రి ఆగలేక దవడ దగ్గర చిన్న పొర గిల్లేశాను, కింద గులాబీ రంగులో తడిగా ఉంది. మచ్చ పడుతుందేమోనని ఒకటే టెన్షన్. విటమిన్ సి సీరం, రెటినాల్ మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

మూడుసార్లు_అయింది:
ముందు కంగారు పడకండి, మీరు చెప్పిన గరుకుదనం ఐదో రోజుకి ఉండాల్సిందే. ఈ లేజర్ చర్మాన్ని మొత్తం చెక్కెయ్యదు, కంటికి ఆననంత సన్నటి రంధ్రాలు చేసి మధ్యలో చర్మాన్ని అలాగే వదిలేస్తుంది, ఆ మిగిలిన చర్మంలోంచే కొత్త కణాలు పక్కకి పాకి రంధ్రాలు మూసేస్తాయి, లోపలి చెత్త పైకి నెట్టుకొస్తుంది, ఆ చుక్కలు అవే. ముఖం మీద సాధారణంగా వారం అటూ ఇటూగా రాలిపోతాయి. దయచేసి గిల్లొద్దు, తువ్వాలుతో రుద్దొద్దు. గిల్లిన చోట జెల్లీ పల్చగా ఉంచి వదిలెయ్యండి. నేను మొదటిసారి గడ్డం దగ్గర ఇలాగే పీకాను, ఆ ఒక్కచోటే నల్లమచ్చ పడి నెలల తరబడి ఉండిపోయింది, మిగతా ముఖం శుభ్రంగా మానింది.

చర్మవిభాగం_నర్సు:
ఇంట్లో పెద్దవాళ్ళ మాట చాలామంది నమ్మేదే, కానీ ఇక్కడ పనికిరాదండీ. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి కొన్నిటిని ప్లాస్టిక్ పొరతో కప్పి చూశాడు, కప్పి తడి ఆరకుండా ఉంచినవాటిలో పైచర్మం దాదాపు రెట్టింపు వేగంతో వచ్చింది. ఎందుకంటే ఎండిన పొక్కు ఉంటే కొత్త కణాలు దాని కిందనుంచి దారి చేసుకుని పోవాలి, తడిగా ఉంటే సులువుగా జారిపోతాయి. కాబట్టి పొర మొత్తం రాలేదాకా గోరువెచ్చని నీళ్ళతో, వాసన లేని మెత్తటి క్లెన్సర్‌తో వేళ్ళతోనే కడిగి, మెత్తగా అద్ది, వెంటనే జెల్లీ రాయండి. పూతలా దట్టించక్కర్లేదు, కొంతమందికి దానివల్లే తెల్ల పొక్కులు, మొటిమలు వస్తాయి, అలా వస్తే డాక్టర్ని అడిగి తేలికపాటి మాయిశ్చరైజర్‌కి మారొచ్చు. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ సొంతంగా కొని రాయకండి, నియోమైసిన్ ఉన్నవాటికి ఎలర్జీ వచ్చి ముఖం మళ్ళీ ఎర్రబడిన వాళ్ళని చూశాను. స్టెరాయిడ్ క్రీము కూడా డాక్టర్ చెప్తేనే.

రెటినాల్, విటమిన్ సి, యాసిడ్లు, స్క్రబ్ ఇప్పుడు వద్దు. పొర రాలిపోయినంత మాత్రాన చర్మం గట్టిపడినట్టు కాదు, రెండు నుంచి నాలుగు వారాలు ఆగి, డాక్టర్ సరే అన్నాకే ఒక్కొక్కటీ మొదలుపెట్టండి.

చామనఛాయ వాళ్ళకి అసలు భయం ఎండతోనే. నల్లమచ్చలు వెంటనే రావు, అంతా మానిపోయింది అనుకున్నాక మూడు నాలుగు వారాలకి తేలతాయి. పొర పోయేదాకా ఎండలోకి వెళ్ళకుండా, తప్పకపోతే వెడల్పు అంచు టోపీతో, ఆ తర్వాత జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, బయటుంటే రెండు గంటలకోసారి. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ అయితే ఇంకా మంచిది, మచ్చల్ని పెంచే మామూలు వెలుతురుని కూడా అది ఆపుతుంది.

పెదవిపుండ్లు:
ఒకటి ఎవరూ చెప్పలేదు. మీకు ఎప్పుడైనా పెదవి అంచున నీటిపొక్కులు వచ్చేవా? నాకు వచ్చేవి, క్లినిక్‌లో అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగో రోజు నోటి పక్కన గుత్తిగా పొక్కులు లేచి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. లేజర్ వేడికి హెర్పిస్, అంటే ఆ నీటిపొక్కులు తెచ్చే వైరస్, మళ్ళీ లేస్తుందట, ఉన్నవాళ్ళకి ముందునుంచే వాలసైక్లోవిర్ లాంటి మాత్రలు ఇస్తారని అప్పుడు తెలిసింది. తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా, పసుపు రసి కారినా, పొక్కులు లేచినా, జ్వరం వచ్చినా ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, అదే రోజు డాక్టర్‌కి చూపించుకోండి.

చామనఛాయ:
అందరికీ చాలా థాంక్స్. నాకు ఆ పొక్కులు ఎప్పుడూ రాలేదు, నొప్పి కూడా లేదు, దురద మాత్రం బాగా ఉంది. సీరం సీసాలు తీసి బీరువాలో పెట్టేశాను. దురదకి ఏమైనా చెయ్యొచ్చా?

మూడుసార్లు_అయింది:
శుభ్రమైన గుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి పిండి, పది నిమిషాలు ముఖం మీద పరిచి ఉంచండి, తీశాక మళ్ళీ జెల్లీ. నాకు రాత్రుళ్ళు నిద్రలో చెయ్యి పోయేది, గోళ్ళు పూర్తిగా కత్తిరించుకున్నాను, మీరూ ఈరోజే కత్తిరించుకోండి. అప్పటికీ తట్టుకోలేకపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, దురదకి మాత్ర ఇస్తారు.