పాలకూర జ్యూస్ వడకట్టాలా, పిప్పితోనే తాగాలా?

పెరటితోట: పొద్దున్నే పరగడుపున పాలకూర, కీరా కలిపి జ్యూస్ తాగేవాళ్లు ఎక్కువయ్యారు. గుడ్డలో వడకట్టాలని కొందరు, పిప్పి పారేస్తే ఇక మిగిలేదేమిటని కొందరు. మీరేమంటారు?

చిక్కటిగ్లాసు: వడకట్టొద్దు. పీచు సంగతి అందరికీ తెలిసిందే. ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ కూడా పాలకూరలో ఉంది, అది నీళ్లలో కరగదు, ఆకు ముక్కలకే అంటిపెట్టుకుని కొంత పిప్పితోపాటు పోతుంది. గొంతుకు అడ్డం పడుతోందంటే మిక్సీ సరిగా పట్టలేదని అర్థం. పెద్ద జార్‌లో గుప్పెడు ఆకు వేస్తే అది గోడలకు అతుక్కుంటుంది, బ్లేడు ఊరికే తిరుగుతుంది. చట్నీ జార్ తీసుకోండి. ముందు కీరా ముక్కలు, 50 మి.లీ. నీళ్లు వేసి గుజ్జు చేశాకే ఆకు వేయాలి. ఏకబిగిన రెండు నిమిషాలు తిప్పితే వేడెక్కి నురగ పొంగుతుంది. ఆపి ఆపి 20 సెకన్ల చొప్పున మూడుసార్లు చాలు. మిగతా 100 మి.లీ. నీళ్లు ఆఖర్న పోయండి.

జల్లెడపక్షం: కడుపుబ్బరం ఉన్నవాళ్లకు పచ్చి ఆకు పీచు పడదండీ. టీ వడకట్టే దాంతో వడకట్టుకుంటే తప్పేముంది? పిప్పిని చపాతీ పిండిలోనో పెసరట్టు పిండిలోనో కలిపేయొచ్చు. పైగా కిడ్నీలో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్లు కూడా పిప్పిలోనే ఉండిపోతాయి కదా.

ఆకులెక్క: ఆ ఆఖరి మాట తిరగేసి చెప్పారు. పాలకూరలో ఆక్సలేట్ రెండు రకాలుగా ఉంటుంది. కాల్షియంతో కలిసి గట్టిపడినది పిప్పిలో ఉండిపోతుంది, అది ఎటూ ఒంటికి పెద్దగా పట్టదు. నీళ్లలో కరిగేది నేరుగా గ్లాసులోకి దిగుతుంది, రక్తంలోకి చేరేది ముఖ్యంగా అదే. అంటే వడకట్టినా గండం తప్పదు. తోటకూరదీ ఇదే కుటుంబం, అదీ తక్కువ తినలేదు.

ఆకును మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. కాకపోతే విటమిన్ సి, ఫోలేట్ కూడా కొంత ఆ నీళ్లతో పోతాయి. పెరుగుతో కలిపి తీసుకుంటే అందులోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టేస్తుంది. రాళ్లు ఒకసారి వచ్చినవాళ్లు మాత్రం పాలకూర జ్యూస్ జోలికి పోకపోవడమే మేలు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు, ఆకులోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది.

రోజూ తాగాలనుంటే పాలకూర తీసేయండి: 200 గ్రాముల కీరా, గుప్పెడు కొత్తిమీర, పది పుదీనా ఆకులు, అర అంగుళం అల్లం, 150 మి.లీ. నీళ్లు. కొత్తిమీర వేళ్లు కోసేసి, గిన్నెడు నీళ్లలో ముంచి పైకి తీయాలి. గిన్నె అడుగున ఇసుక కనపడనంతవరకూ నీళ్లు మార్చాలి. కుళాయి కింద పట్టుకుంటే కాడల మధ్య మట్టి పోదు.

పెరటితోట: నిమ్మరసం మిక్సీలోనే పిండొచ్చా?

చిక్కటిగ్లాసు: తాగే ముందు గ్లాసులో పిండండి. పులుపు తగిలితే పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోయి పచ్చదనం మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది. గోంగూర ఉడకగానే రంగు మారేది అందుకే. ఆకులెక్క గారి లెక్కకు నేనూ ఒప్పుకుంటున్నాను, పాలకూర వరకు. కొత్తిమీర జ్యూస్ మాత్రం వడకట్టొద్దనే నా మాట.

జల్లెడపక్షం: ఆక్సలేట్ సంగతి నేనే పొరబడ్డాను. పాలకూర బదులు సొరకాయ, కాకరకాయ కలిపి చేస్తే?

ఆకులెక్క: ఆ రెండూ ఎప్పుడూ కలపొద్దు. ఒక్కోసారి సొరకాయ చేదుగా కాస్తుంది, ఆ చేదు కుకుర్బిటాసిన్లనే పదార్థాలది. అది విషం, ఉడికించినా పోదు. ఆ జ్యూస్ తాగి వాంతులు, రక్త విరేచనాలు పట్టుకుని ప్రాణం పోయిన సందర్భాలున్నాయి, విరుగుడు మందు లేదు. కాకర చేదులో సొర చేదు తెలియదు, చిక్కంతా అక్కడే. అందుకే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల సంఘం సొరకాయ రసాన్ని వేరే రసంతో కలపొద్దని చెప్పింది. తొడిమ వైపు, అడుగు వైపు చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి ఉమ్మేయండి. చేదు తగిలితే కాయ మొత్తం చెత్తబుట్టలోకే, కూరకు కూడా పనికిరాదు. తాగాక చేదు తెలిసిందా, గ్లాసు అక్కడే వదిలేయండి. కడుపులో తిప్పడం మొదలైతే మజ్జిగా నిమ్మరసం అంటూ ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.